పర్సోం ఎత్తిన బస్తా

మా అక్క కూతురి నిశ్చితార్థం భోజనాల దగ్గర నేనొక జోక్ వేశాను. చిన్నదే. వడ్డించే ఆయన లడ్డూల పళ్లెం పట్టుకొని పంక్తి వెంట వస్తున్నాడు, మా మేనకోడలు రెండోది తీసుకుంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా వైపు చూసి, "పెండ్లినాడు గంపల మోసేది మేనమామనే గద, నీ నడుము మంచిగున్నదా మరి?" అని అడిగాడు.

"గంప దేనికి బాపు, జేసీబీకి చెప్పి పెట్టిన" అన్నాను.

పంక్తి పంక్తంతా నవ్వింది. మేనకోడలు కూడా నవ్వింది. తర్వాత చేతిలో ఉన్న లడ్డూని విస్తరి చివర పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయింది. ఆ లడ్డూ నాకు కనిపించింది. కానీ నవ్వులు ఇంకా అయిపోలేదు. జోక్ వేసినవాడు మధ్యలో ఆగి లడ్డూని చూస్తూ కూర్చుంటే బాగుండదని నేనూ నవ్వాను.

మా ఇళ్లలో గౌరీపూజ అయ్యాక పెళ్లికూతుర్ని వెదురు గంపలో కూర్చోబెట్టి, మేనమామలు ఇద్దరు చెరో వైపు పట్టుకొని మండపం దాకా మోసుకొస్తారు. ఈ ఆచారం పెట్టిననాడు పెళ్లికూతుళ్లకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉండేవి. మా మేనకోడలికి ఇరవై తొమ్మిది. గంప మాత్రం ఆనాటి గంపే. ఇంత స్పష్టమైన లెక్క ముందే తెలిసి కూడా ఆచారాన్ని అనకుండా పిల్లని ఎందుకన్నానో, ఎకనామిక్స్ చెప్పుకొని బతికే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మూడో రోజు అక్క ఫోన్ చేసింది. "అది గంపల కూసోనంటున్నది రా. నడుచుకుంట వస్తదట."

"మంచిదే గదక్కా, నడక ఒంటికి మంచిది" అనేశాను. నా నోరు నాకంటే నాలుగు అడుగులు ముందు నడుస్తుంది.

అక్క నవ్వలేదు. "వేరేటోళ్లు అంటే ఇడిశిపెట్టేది రా. స్కూల్ల అన్నరు, కాలేజీల అన్నరు, పట్టించుకోలే. నువ్వంటివి. గది" అని పెట్టేసింది.

నేను మేనకోడలికి ఫోన్ చేశాను. ఆమె ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. "అయ్యో, నేనేం మనసుల పెట్టుకోలేదు మామా" అంది, "మీ రిపోర్టు సాయంత్రం వస్తుంది" అని జనానికి చెప్పే గొంతుతో. నేను మాట మార్చబోయి, "అసలు నీ బరువెంతని..." అని మొదలుపెట్టి, ఆ వాక్యానికి మంచి ముగింపు ఏదీ లేదని తెలిసి, సిగ్నల్ లేదన్నట్టు హలో హలో అని పెట్టేశాను.

పెళ్లికి రెండున్నర నెలలుంది. మాటతో పోగొట్టినదాన్ని మాటతో తెచ్చుకునే శక్తి నాకు లేదని తేలిపోయింది. నేను నోరు తెరిస్తే క్షమాపణ కూడా జోకై బయటికి వస్తోంది. మిగిలింది నడుము. నేను ఆమెను మోయగలనని, మోయడానికి సిద్ధంగా ఉన్నానని ఆమెకు కనబడాలి. కూర్చోవడమా మానడమా అన్నది తర్వాత ఆమె ఇష్టం.

అప్పటికి నాకు నలభై నాలుగు. అంతవరకు నేనెత్తిన అతి బరువైన వస్తువు జవాబు పత్రాల కట్ట, అది కూడా అటెండర్ లేని రోజు. చదువుకున్నవాణ్ని కాబట్టి ముందు చదివాను. బలం పెంచుకోవడానికి సూత్రాలున్నాయట. ఒంటికి అలవాటైన దానికంటే కొంచెం ఎక్కువ బరువు ఇవ్వాలి, అది అలవాటయ్యాక ఇంకొంచెం. ఏ పని కోసం తయారవుతున్నామో ఆ పనిలాంటిదే చేయాలి. మధ్యలో విశ్రాంతి ఉండాలి, ఎందుకంటే కండ పెరిగేది ఎత్తేటప్పుడు కాదు, పడుకున్నప్పుడు. అప్పుడప్పుడు కావాలనే బరువు తగ్గించే వారం పెట్టుకోవాలి. మానేస్తే వచ్చింది వచ్చినట్టే పోతుంది. అన్నీ న్యాయంగానే ఉన్నాయి. ఒక్కటే ఇబ్బంది. కొంచెం కొంచెం పెంచుకుంటూ ఎక్కడిదాకా పోవాలో నాకు తెలియదు. ఆ అంకె ఒక్క మనిషి దగ్గరుంది, ఆ మనిషిని అడగడానికి వీల్లేదు.

అక్కని అడిగాను. "అరవై" అంది. కాసేపయ్యాక, "అరవై రెండు ఏసుకో" అంది. ఫోన్ పెట్టేముందు, "చీర, నగలు వేరే" అంది. తల్లి చెప్పిన తూకంలో ఎంత కలుపుకోవాలో ఏ పుస్తకంలోనూ లేదు.

మలక్‌పేటలో మా ఇంటి చుట్టూ జిమ్ములున్నాయి. వాటిలో అద్దాలున్నాయి, మా కాలేజీ పిల్లలున్నారు. అందుకని చాంద్రాయణగుట్ట వైపు ఒక సందులో ఉన్న పాత తాలీంఖానాకి, అంటే పాతకాలం వ్యాయామశాలకి వెళ్లాను. రేకుల కప్పు, కుస్తీలకు ఎర్రమట్టి గోదా, మూలకు కర్ర గదలు, ఇసుక బస్తాలు. ఉస్తాద్‌కి డెబ్బై దాటి ఉంటాయి. ఒకప్పుడు కుస్తీలు పట్టిన మనిషి. ఒక కంట్లో పొర వచ్చింది, రెండో కంట్లో వస్తోంది. ఆపరేషన్ చేయించుకోమంటే, "చూడాల్సినయి అన్ని చూసిన" అంటాడట.

"ఏం పని చేస్తవ్ సాబ్?"

"లెక్చరర్ని ఉస్తాద్."

"అయితే నోరు ఒక్కటే కస్రత్ చేసిందన్నట్టు" అని, నా భుజాన్ని కూరగాయ నొక్కినట్టు నొక్కి చూసి వదిలేశాడు.

ఆయన పద్ధతి సులువు. ఒక బస్తాలో సగం ఇసుక. దాన్ని రెండు చేతులతో కౌగిలించుకొని ఎత్తాలి, గోదా చుట్టూ నడవాలి, దించాలి. తర్వాత వచ్చినప్పుడు ఒక డబ్బా ఇసుక కలుపుతాడు. పాత నూనె డబ్బా అది. నేను చదివిన మొదటి సూత్రమే, డబ్బా రూపంలో. నాకు చాలా నమ్మకం కలిగింది.

రోజు విడిచి రోజు పొద్దున్నే వెళ్లేవాణ్ని. తెల్లారేసరికి అక్కడ ముప్ఫై మంది దాకా ఉండేవాళ్లు, అందరం ఒకే రకం బనియన్లలో. ఉస్తాద్ ప్రతి మనిషి దగ్గరా ఆగి ఒకే ప్రశ్న అడిగేవాడు: "ఆఖరీ బార్ కబ్ ఉఠాయే?" చివరిసారి ఎప్పుడెత్తావు అని. నేను స్కూల్లో హిందీ పరీక్షలు వరసగా రాసి, సర్టిఫికెట్లు తెచ్చుకున్న మనిషిని. మొన్న వచ్చాను. మొన్నకి హిందీ మాట పర్సోం. "పర్సోం, ఉస్తాద్" అనేవాణ్ని, స్పష్టంగా, ఉచ్చారణ చెడకుండా.

ఉస్తాద్ నా ముఖంలోకి కొంచెం దిగులుగా చూసేవాడు. తర్వాత బస్తా మూతి విప్పి, డబ్బాతో ఇసుక తీసి కుప్పలో పోసేవాడు. కలపడం కాదు, తీయడం.

మొదటిసారి ఆశ్చర్యపోయాను. తర్వాత గుర్తొచ్చింది, బరువు తగ్గించే వారం. చదువులేని మనిషి ఇంత శాస్త్రీయంగా చేస్తున్నాడే అని మనసులో మెచ్చుకున్నాను. రెండో వారం కూడా తగ్గించాడు. నా వయసుకి తగ్గట్టు మార్చాడనుకున్నాను, మనిషిని బట్టి కస్రత్ అని కూడా ఒక సూత్రం ఉంది. మూడో వారం ఇంకా తగ్గింది. దానికి సూత్రం దొరకలేదు గానీ, ఆ పాటికి ఆయన మీద గౌరవం అంత పెరిగిపోయింది కాబట్టి, సూత్రం నేను చదవని అధ్యాయంలో ఉండి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

నెల గడిచింది. నోట్‌బుక్కులో గ్రాఫ్ గీసుకుంటున్నాను, అలవాటు కొద్దీ. గీత ఆదివారం సాయంత్రం చార్మినార్ దగ్గర ఇరుక్కున్న ఆటోలా ఉంది. ఇంజన్ నడుస్తోంది, బండి వెనక్కే పోతోంది. పైగా నా తర్వాత చేరిన ఒకతను, పండ్ల బండి నడుపుకునేవాడు, నిండు బస్తా ఎత్తుకొని గోదా చుట్టూ షికారుగా తిరుగుతున్నాడు.

ఆగలేక అడిగాను. "ఉస్తాద్, నాది మొదలువెట్టిన సగం బస్తా గూడ లేదు. నెలాయె."

"క్యా కరూఁ సాబ్? నువ్వు బరాబర్ వస్తెనే గద?"

"నేను రాలేదా? ఒక్కనాడు గూడ నాగా పెట్టలే!"

"ఎప్పుడడిగినా పర్సోం అంటవ్."

"అవును, పర్సోం. మొన్న."

ఉస్తాద్ పొర పట్టిన కన్ను మూసి, రెండో కన్ను నా మీద పెట్టాడు. "మొన్న వస్తె మొన్న వచ్చిన అను. పర్సోం ఏంది? మా దాదా హజ్‌కు పోయింది పర్సోం. నాకు నికా అయింది పర్సోం. ఈ రేకులు ఎప్పుడేసినమని అడుగు, పర్సోం అంట. నేనేమో, బిచారా, పెద్దమనిషి, నెలకొక్కపారి వస్తున్నడు, ఒళ్లు మర్చిపోయి ఉంటది, నిండు బస్తా ఇస్తె నడుము పోతదని తీసేస్తున్న."

పండ్ల బండి అతను బస్తా దించేసి మరీ నవ్వాడు. "అరే భాయ్, హైద్రాబాద్‌ల పుట్టి పర్సోం అంటె రెండు దినాలు అనుకున్నవా? ఏ ఊరు మనది?"

పుట్టింది ఇక్కడే. ఇక్కడ పర్సోం అంటే ఎప్పుడో ఒకప్పుడు అనే అర్థమని నాకు తెలుసు, నేనే మా కాలేజీలో దాని మీద జోకులు వేశాను. కానీ ఒక ఉస్తాద్ ముందు, ఒక శాస్త్రం విషయంలో, మాట దాని అసలు అర్థంలో ఉంటుందనుకున్నాను. ఆయనేమో ఒక లెక్చరర్ కూడా పదిమంది మాట్లాడినట్టే మాట్లాడతాడనుకున్నాడు. ఇద్దరం ఒకరినొకరం గౌరవించుకోవడంలో నెల రోజులు పోయాయి.

ఇక నెలా పదిహేను రోజులుంది. "డబుల్ చేద్దాం ఉస్తాద్" అన్నాను.

"దేనికి తొందర? ఏం ఎత్తాలె నువ్వు?"

ఆ ప్రశ్న ఆయన అడగడం అదే మొదటిసారి. చెప్పాను. గంప సంగతి చెప్పాను, జేసీబీ మాట కూడా దాచకుండా చెప్పాను. జేసీబీ దగ్గర ఉస్తాద్ పగలబడి నవ్వాడు. నవ్వి, నవ్వి, కళ్లు తుడుచుకొని అడిగాడు. "బచ్చీ నవ్విందా?"

"నవ్వింది."

"ఫిర్?"

"లడ్డూ పక్కకు పెట్టి లేచిపోయింది."

ఉస్తాద్ బస్తా మూతి కట్టేశాడు. "గంప ఒక్కనివే మోస్తవా?" అని అడిగాడు.

"లేదు, ఇద్దరం. మా పిన్నమ్మ కొడుకు ఉన్నడు. చెరో దిక్కు."

"మరి నెల సంది బస్తాను గట్ల అలాయ్‌బలాయ్ ఇచ్చుకుంట ఎందుకు ఎత్తుతున్నవ్? పెండ్లిల గంపను గుండెలకు హత్తుకుంటవా?"

ఏ పని కోసమైతే ఆ పనే చేయాలి. రెండో సూత్రం. ఎర్ర సిరాతో గీత కూడా గీసుకున్నాను. చేసింది మాత్రం ఇంకోటి. మర్నాడే పెద్ద వెదురు గంప కొనుక్కొచ్చాను. అందులో ఇసుక బస్తా పెట్టి, నేనొక వైపు, పండ్ల బండి అతనొక వైపు. అప్పుడు తెలిసింది, గంప మోసే మనిషి ముందుకి నడవడు, పీతలా పక్కకి నడుస్తాడు. ఒకరు ఒక అంగుళం దించితే బరువంతా వాళ్ల మీదికే జారుతుంది. "గంప ఎప్పుడైన బలంలేనోని నడకనే నడుస్తది" అన్నాడు ఉస్తాద్. అక్కడ ఆ బలంలేనివాడు ఎవరో అడగాల్సిన పని లేకుండా ఇసుకంతా నా వైపే ఉంది.

నాలుగు వారాలు బాగానే గడిచాయి. ప్రతిసారీ "మొన్న" అని తెలుగులో చెప్పేవాణ్ని. డబ్బా డబ్బా పెరిగింది. కానీ నాకు అంకె తెలియదు కదా. అరవై రెండా, డెబ్బయ్యా, ఇంకా పైనా? తెలియనప్పుడు ఎంత పెంచినా తక్కువే అనిపిస్తుంది. అందుకని విశ్రాంతి రోజుల్లో కూడా ఇంట్లో బియ్యం బస్తా ఎత్తడం మొదలుపెట్టాను, ఉస్తాద్‌కి చెప్పకుండా. శ్రమ పెంచుకుంటూ పోతే ఒక చోట ఫలితం తగ్గడం మొదలవుతుందని ప్రతి ఏడాది అరవై మంది పిల్లలకు చెబుతాను. పరీక్షలో అడుగుతాను కూడా. బస్తా నేల నుంచి జానెడు లేచింది, నడుములో ఏదో టక్కుమంది. బస్తా కిందికి వెళ్లింది, నేను వెళ్లలేదు. వంగినవాణ్ని వంగినట్టే ఉండిపోయాను.

డాక్టర్ ఎముకలకేమీ కాలేదన్నాడు, కండ పట్టేసిందన్నాడు, పది రోజులు ఏదీ ఎత్తొద్దన్నాడు. ఉస్తాద్‌కి ఫోన్ చేస్తే, "పడుకో. పడుకునుడు గూడ కస్రతే" అన్నాడు. పడుకున్నాను. పడుకుంటే కండ పెరుగుతుందని ఒక సూత్రం, మానేస్తే కండ కరిగిపోతుందని ఇంకో సూత్రం. మంచం మీద మనిషికి ఈ రెండిట్లో ఏది జరుగుతోందో తెలుసుకునే మార్గం లేదు. పైకప్పు చూస్తూ రోజుకొక పక్షం తీసుకునేవాణ్ని.

నాలుగో రోజు మేనకోడలు వచ్చింది. అక్క చెప్పేసినట్టుంది. వేడినీళ్ల సంచి తెచ్చింది. నడుము కింద పెట్టి, కుర్చీ లాక్కొని కూర్చుంది.

"ఏంది మామా ఇదంత?"

జోక్ ఒకటి నాలుక దాకా వచ్చింది. పళ్లు బిగించాను.

"నిన్ను మోస్తందుకు."

"నేను కూసోనన్న కద."

"తెల్సు."

"మరి?"

"కూసోకున్నా సరే. ఒకవేళ ఆ టైంకు కూసుంటనంటె, నాకు చాతగాదన్న మాట రావద్దు. గంతే."

ఆమె కిటికీ వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. సారీ అనే మాట అప్పుడు చెప్పాలి. నాకు తెలుసు. ఎంత వెతికినా అది నోట్లో దొరకలేదు. మిగతా మాటలన్నీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

"ఆ రోజు నువ్వు అన్నందుకు గాదు మామా" అంది. "అందరు అంటరు. నువ్వు ఎన్నడు అనలేదు. ఇన్నేండ్లు నాకేమనిపిచ్చేదంటే, మామకు ఇదసలు కనిపిస్తనే లేదు, మంచిగున్నది అని. ఆ రోజు తెల్సింది, నీకు గూడ కనిపిస్తదని."

 నడుము కింద నీళ్ల సంచి చాలా వేడిగా ఉంది.

ఆమె లేచి, కుర్చీ మళ్లీ గోడకు చేర్చింది. గుమ్మం దగ్గర ఆగింది. "డెబ్బై మూడు" అంది. "అమ్మ ఎంత చెప్పిందో నాకు తెల్సు. గది నమ్మకు. పట్టుచీర, నగలు కలిపితే డెబ్బై ఎనిమిది వేసుకో." వెళ్లిపోయింది.

కూర్చుంటానని చెప్పలేదు. కూర్చోనని కూడా మళ్లీ చెప్పలేదు. అంకె మాత్రం ఇచ్చింది. కూర్చోని మనిషి చీర బరువు ఎందుకు కలిపి చెబుతుంది? నా నడుము ఇంకోసారి పట్టకుండా ఉండాలని జాలితో చెప్పిందేమో. రెండు విధాలా సరిపోతోంది. ఆ మధ్యాహ్నమంతా దాని మీదే ఆలోచించాను, తేలలేదు.

పది రోజులయ్యాక తాలీంఖానాకి వెళ్లి అంకె చెబితే ఉస్తాద్ గంపలో సరిగ్గా డెబ్బై ఎనిమిది కిలోల ఇసుక తూయించి పోశాడు. మూడుసార్లు ఎత్తించాడు, ఒక్కసారి నడిపించాడు. "బస్. ఇగ పెండ్లిదాక ముట్టొద్దు" అన్నాడు. ఇంకా వారం ఉంది. వారం రోజులు ఊరికే ఎట్లా ఉంటానంటే, "ఈ వారంల కొత్త బలం రాదు. వచ్చిన బలం పోదు. దానికి తెల్వనియ్యి, ఎప్పుడు పనున్నదో" అన్నాడు. దేనికి తెలియనివ్వాలో అర్థం కాలేదు. సరేనన్నాను.

పెళ్లిరోజు, ఫ్లైఓవర్ దిగగానే ఉన్న ఫంక్షన్ హాల్లో, గౌరీపూజ గది ముందు గంప పెట్టి ఉంది. పురోహితుడికి ఈ గొడవలేవీ తెలియవు, ఆయన జాబితాలో గంప ఉంది కాబట్టి పెట్టించాడు. మా పిన్నమ్మ కొడుకు పంచె బిగించుకొని ఒక వైపు నిలబడ్డాడు. నేనొక వైపు. వీడియో ఆయన లైటు వేశాడు. ఎవరో ముసలమ్మ, "పిల్ల నడుస్తదట గద?" అని పక్కావిడని అడగడం నాకు వినిపించింది. అక్క నా వైపు చూడలేదు.

మేనకోడలు గుమ్మంలోకి వచ్చింది. గంపని చూసింది. నన్ను చూసింది. నేను నేల చూశాను, ముఖంలో ఏదైనా నవ్వులాంటిది కనిపిస్తుందేమోనని భయం. గాజుల చప్పుడైంది. మళ్లీ చూసేసరికి ఆమె కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకొని, గంపలో కాళ్లు మడుచుకొని కూర్చొని ఉంది.

"రెడీనా అన్నా?" అన్నాడు అవతలివాడు.

ఎత్తాం. గంప లేచింది. ఇసుక కంటే తేలికగా ఉందా, బరువుగా ఉందా అంటే చెప్పలేను. ఇసుక ఊపిరి పీల్చదు, గంప అంచు పట్టుకోదు. పక్కకి, పక్కకి, పక్కకి. మండపానికి ఇరవై అడుగులుంటాయి. సగం దాటాక అవతలివాడి వైపు కొంచెం దిగింది, నేను నా వైపు కూడా అంతే దించాను, గంప నిలబడింది.

అప్పుడు గంపలోంచి, నాకు మాత్రమే వినబడేట్టు అడిగింది. "ఏంది మామా, ఇయాల ఒక్క జోక్ గూడ లేదా?"

సారీ బిడ్డా అందామనుకున్నాను. ఆ క్షణాన అది నా నోట్లో సిద్ధంగా ఉంది, మొదటిసారి. కానీ ఊపిరి బిగబట్టి ఉన్నాను. వదిలితే గంప వదిలినట్టే. మండపం దాకా వదల్లేదు. దించాక అక్షింతలు, మేళం, జనం. ఆ మాట చెప్పే సందు దొరకలేదు.

ఆ ఇరవై అడుగులు నేను ఏమీ అనకపోవడాన్ని ఆమె సారీ అనుకుందో, ఆయాసం అనుకుందో నాకు తెలియదు. దిగేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకొని దిగింది, అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువ బరువు వేసి.